తడి దుప్పట్లు

ఆ వానాకాలం మా అన్నయ్య ఇంట్లో వైఫై బాగుచేస్తానని నడుం కట్టాడు. ఆయన ఎవరికైనా మేలు చేస్తానని నడుం కట్టినప్పుడల్లా ఇంట్లో ఇంకెవరిదో నడుం విరుగుతుంది. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఈసారి నమ్మాను, ఎందుకంటే చేసేది చెల్లి కోసం అన్నాడు.

మాది లాండ్రీ. కొట్టూ ఇల్లూ ఒకటే. వీధి వైపు కౌంటరు, దాని వెనక మిషన్ల గది, ఆ వెనక పొడుగాటి నడవ, నడవ చివర కిటికీ లేని చిన్న గది. ఆ గదిలో నేనూ చెల్లీ ఉండేవాళ్లం. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రి గౌన్లు, దిండు గలీబులు మా దగ్గరికి మూటలుగా వచ్చి మడతలుగా వెళ్లేవి. మొగుడితో పొసగక వెనక్కి వచ్చేసిన నాకు చిరుగులు కుట్టే పని. వదినకి కౌంటరు. అన్నయ్య యజమాని, అంటే మిగతావాళ్లు పని చేస్తున్నారో లేదో చూడటం ఆయన పని. మరకలు మాత్రం చెల్లివి. రక్తం, సిరా, తుప్పు, అయొడిన్, ఏది ఏ నీళ్లకి లొంగుతుందో దానికి చూడగానే తెలిసేది. రోజంతా తొట్టి దగ్గరే ఉండటంతో దాని వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా నాని ఉండేవి. జీతం లేదు. ఇంటి మనిషికి జీతమేమిటి, తప్పు కదూ అనేవాడు అన్నయ్య.

చెల్లికి పుట్టుకతోనే వినపడదు. దానితో మాట్లాడటానికి మా ఇంట్లో కనిపెట్టుకున్న సైగలు కొన్ని ఉన్నాయి. రెండు పిడికిళ్లతో గాలి దులిపితే దుప్పటి. అరచేతిలో వేలు పెట్టి రుద్దితే మరక. రా, వెళ్లు, ఉతుకు, పిండు, ఆరెయ్యి, తిను, పడుకో. అంతే. ఒకరోజు నేను కూర్చుని ఏరి చూశాను, వాటిలో ‘ఎలా ఉన్నావు’ అని అడిగే సైగ ఒక్కటీ లేదు. అన్నీ పనులే.

అసలైన సైగల భాష అది కంప్యూటర్లో నేర్చుకుంది. ఎవరో వదిలించుకున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి, తనలాంటి వాళ్లు పెట్టే వీడియోలు చూసి, వాళ్లతో స్నేహం చేసి నేర్చుకుంది. ఒకే గది కాబట్టి దాని వెంటపడి నేనూ నేర్చుకున్నాను. అది ఎంత వాగుడుకాయో నాకప్పుడు తెలిసింది. మనుషులకి సైగ పేర్లు పెట్టేది. అన్నయ్య పేరు లేని మీసం దువ్వుకోవడం. వదిన పేరు నడుం దగ్గర తాళాల గుత్తి సర్దుకోవడం. నడవలో అన్నయ్య వస్తుంటే అది కనపడని మీసం మెలేసేది, నేను నవ్వాపుకోలేక సూది వేల్లో గుచ్చుకునేదాన్ని.

ఆ భాష నేర్చుకోండి, తేలికే అని నేను అన్నయ్యకీ వదినకీ చెప్పి చూశాను. “నువ్వున్నావుగా చెప్పడానికి” అన్నారు. వాళ్లకి కావలసింది వాళ్ల సైగల్లో ఉంది మరి. ఇక దాని ఎదట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ గొంతు తగ్గించలేదు. దాని గురించి మాట్లాడుకోవాలన్నా దాని పక్కనే నిలబడి మాట్లాడుకునేవాళ్లు.

వానలు మొదలైన వారంలోనే చెల్లికి ఉద్యోగం మాట వచ్చింది. ఒక పెద్ద ఆస్పత్రి వినపడని రోగుల కోసం వీడియో డెస్కు పెడుతోంది. రోగి ఫోన్ చేస్తే, డాక్టరు రాసింది చూసి సైగల్లో విడమరచి చెప్పాలి. ఇంటి నుంచే చెయ్యొచ్చు. ముందు కొన్నాళ్లు పరీక్షగా మాట్లాడిస్తారు, నచ్చితే పని. షరతు ఒక్కటే, బొమ్మ ఆగకూడదు. మనం ఫోన్లో మాట తెగితే హలో హలో అని అరుస్తాం. వాళ్లకి బొమ్మ ఆగితే నోరు మూసేసినట్టే.

“ఇది వస్తే మనిద్దరం గది తీసుకుందాం. కిటికీ ఉన్నది” అంది చెల్లి చేతులతో. దాని చేతులు అంత తొందరగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

అన్నాల దగ్గర నేను ఆ వార్త చెప్పాను, గది మాట మినహా. వదిన చెయ్యి కంచంలో ఆగిపోయింది. “మరి మరకలో?” అంది.

అన్నయ్య ఆమె వైపు ఒక చూపు చూసి నా వైపు తిరిగాడు. “మంచి వార్తే. కాకపోతే మన వైఫై వెనక గదిలోకి ఎక్కడొస్తుంది? నేను చూస్తాలే. దానికి చెప్పు, అన్నయ్య బాగుచేస్తాడని.”

చెప్పాను. చెల్లి లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. ఆయన దాని వీపు తట్టి, ఇంకో చేత్తో ‘తిను’ అన్నాడు.

మర్నాడు ఫోన్లో వెతికి, బలం లేని సిగ్నల్‌ని ఎలా పెంచుకోవాలో నేనే పైకి చదివాను. అన్నయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని శ్రద్ధగా విన్నాడు.

“వైఫై డబ్బా ఇంటికి మధ్యలో పెట్టాలట.”

“ఊఁ.”

“కాస్త ఎత్తులో పెట్టాలట. దగ్గర్లో ఇనుప సామాను ఉండకూడదట. నీళ్లు అడ్డం ఉండకూడదట.”

“నీళ్లేం చేస్తాయి?”

“నీళ్లు సిగ్నల్ని పీల్చేస్తాయట అన్నయ్యా. నీళ్ల ట్యాంకులు, తడి గోడలు, అన్నీను.”

“పీల్చేస్తాయా!” అని నోరు తెరిచి, ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాడు. నేను ఇంకోసారి చదివాను.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాడు. అప్పటిదాకా డబ్బా కౌంటరు పక్కన గోడకి ఉండేది. దాన్ని ఊడదీసి మిషన్ల గదిలో, రెండు పెద్ద వాషింగ్ మిషన్ల మధ్య ఉన్న ఇనుప అలమర మీద పెట్టాడు. దాని వెనకే నీళ్ల ట్యాంకు. “ఇంటికి మధ్యలోనే ఉంది, ఎత్తులోనే ఉంది. ఇంకేం కావాలి?” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“చుట్టూ ఇనుమే కదా” అన్నాను.

“లాండ్రీలో ఇనుము లేకుండా బంగారం ఉంటుందా?” అన్నాడు. వదిన నవ్వింది. ఆ అలమర ఎక్కడానికి ఆయన పడ్డ పాట్లు చూసి, తెలివి తక్కువైనా మనసు పెట్టి చేస్తున్నాడని జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మొదటి పరీక్ష రోజు తెరమీదకి ఆస్పత్రి మేడం వచ్చింది. ఆవిడకి చక్కగా వినపడుతుంది, సైగలూ బాగా వచ్చు. తెల్లటి గోడ ముందు కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, రెండు వాక్యాలు మాట్లాడి మూడో వాక్యం మధ్యలో ఆగిపోయింది. చేతులు గాల్లో, కళ్లు సగం మూసి. మేడం తిరిగి కదిలేసరికి సగం సంగతి అయిపోయింది. చెల్లి కాల్ అయ్యాక ఆవిడ ఆగిపోయిన భంగిమ అచ్చంగా పెట్టి చూపించింది, నేను పడీ పడీ నవ్వాను. నవ్వు అయ్యాక అది, “ఇలాగైతే ఇవ్వరు” అంది.

అన్నయ్యకి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. బజారుకి వెళ్లి సిగ్నల్ పెంచే చిన్న యంత్రం కొనుక్కొచ్చాడు, గోడ ప్లగ్గులో గుచ్చేది. సొంత డబ్బు పెట్టి కొన్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. దాన్ని తెచ్చి మా వెనక గదిలోనే, చెల్లి మంచం పక్కన గుచ్చాడు. కంప్యూటర్లో సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. చెల్లి చప్పట్లు కొట్టింది.

కాల్ పెట్టగానే బొమ్మ మళ్లీ ఆగింది. గీతలు నిండుగానే ఉన్నాయి. నేను మళ్లీ ఫోన్లో చదివితే తెలిసింది, ఆ యంత్రం సిగ్నల్ బాగా ఉన్నచోట ఉంటేనే ముందుకు అందిస్తుంది. దాని దగ్గరికే సిగ్నల్ రానప్పుడు అదేం అందిస్తుంది? నడవ మొదట్లో గుచ్చుదామన్నాను.

“అక్కడ తడి, షాకు కొడుతుంది. నీకేమన్నా అయితే నేనా చెప్పుకోవాల్సింది?” అన్నాడు.

“అయితే డబ్బా నుంచి గదికి ఒక తీగ లాగేద్దాం. తీగ ఉంటే సిగ్నల్ గొడవే లేదట.”

“గోడకి బెజ్జం పెడితే చెమ్మ దిగుతుంది. వానాకాలం పోనీ.”

ఫోన్ డేటా మా వీధిలో మాటలకే చాలదు, వీడియో అంటే చతికిలపడేది. ఒకరోజు నేను చెల్లిని ల్యాప్‌టాప్‌తో సహా అలమర కింద, మిషన్ల మధ్య కూర్చోబెట్టాను. మిషన్ల ఊపుకి బల్ల అదిరి, తెరమీద దాని మొహం అటూ ఇటూ ఊగింది. డబ్బాని పాత చోటికి మార్చి, చెల్లిని కౌంటరు పక్కన కూర్చోబెడితే సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుందన్నాను. వదిన ఒప్పుకోలేదు.

“వచ్చేపోయేవాళ్ల ముందు అలా చేతులు తిప్పుతూ కూర్చుంటే పిచ్చిదాన్ని కొట్లో కట్టేశామనుకుంటారు” అంది. చెల్లి పక్కనే నిలబడి ఆమె మొహంలోకి చూస్తోంది. “ఏమంటోంది?” అని నన్నడిగింది.

“కౌంటరు దగ్గర చోటు లేదంటోంది” అన్నాను. ఇలా పళ్లు రాలగొట్టాల్సిన మాటల్ని నున్నగా చేసి చెప్పడం నాకు రోజూ ఉండే పనే.

తర్వాత దుప్పట్లు వచ్చాయి. వానాకాలంలో మేడమీద ఆరవు కాబట్టి ఏటా మిషన్ల గదిలోనే దండేలు కట్టి ఫ్యాన్ల కింద ఆరేసేవాళ్లం. ఆ ఏడు అన్నయ్య రెండు కొత్త హోటళ్ల పని ఒప్పుకున్నాడు. చోటు చాలడం లేదని నడవలో ఈ చివర నుంచి ఆ చివరికి దండేలు కట్టించాడు. మా గదికి వెళ్లాలంటే తడి దుప్పట్లు మొహానికి రాసుకుంటూ వెళ్లాలి. ఒకదాని వెనక ఒకటి, నేలదాకా వేలాడుతూ ఉండేవి. సరిగ్గా పరీక్ష ఉన్న రోజుల్లో మూటలు ఎక్కువ వచ్చేవి. వాటిని ఉతికిందీ చెల్లే, పిండిందీ చెల్లే, నడవలో ఆరేసిందీ చెల్లే.

“నడవలో వద్దు అన్నయ్యా, సిగ్నల్ ఆగిపోతోంది” అన్నాను.

“గుడ్డకి సిగ్నల్ ఆగుతుందా? నన్ను వెర్రివాణ్ని చెయ్యకు” అన్నాడు.

నేను చదివింది ఆయనకి గుర్తులేదేమో అనుకుని ఇంకోసారి గుర్తుచేశాను కూడా. ఆయన తల గోక్కుని, “ఔనా? నాకేం తెలుసే ఇవన్నీ?” అన్నాడు.

ఆఖరి పరీక్ష ఒక మధ్యాహ్నం పెట్టారు. ఆ రోజు రోగిలాగా ఒకావిడని కూర్చోబెట్టి, మొత్తం మాట్లాడించి చూస్తారు. చెల్లి పొద్దున్నే తలంటుకుని, ఉన్నవాటిలో చేతులు స్పష్టంగా కనపడే ముదురు రంగు బట్టలు వేసుకుంది. దండేల మీద దుప్పట్లన్నీ నేనే తీసి ఒక మూలకి కుప్పేశాను. ఇంతలో అన్నయ్య వచ్చి, వదినకి తలనొప్పిగా ఉంది, నువ్వు వెళ్లి కౌంటర్లో కూర్చో, డబ్బా దగ్గర నేనుంటాను, ఇవాళ ఎలాగైనా ఆడిస్తాను అన్నాడు. నా బుర్రకి అదీ నిజమే అనిపించింది. వెళ్లి కూర్చున్నాను. వాన దంచుతోంది. గొడుగులు మడుచుకుంటూ వచ్చేవాళ్లకి చీట్లు చింపి ఇస్తూ, లోపల బొమ్మ ఆగకూడదని మొక్కుతూ కూర్చున్నాను.

నేను లోపలికి వెళ్లేసరికి నడవ నిండా దుప్పట్లు ఉన్నాయి, నీళ్లు కారుతూ. చెల్లి మూసిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వేళ్లు చూసుకుంటోంది.

“పైకప్పు కారింది. ఆ కుప్ప తడిసిపోతోందని మళ్లీ వేశాం” అంది వదిన. ఆమెకి తలనొప్పి తగ్గిపోయింది.

మర్నాడు పొద్దున నా ఫోన్ మోగింది. చెల్లి తన కాగితాల్లో వినపడే మనిషి నంబరుగా నాదే ఇచ్చింది. నేను ఒక గలీబుకి అంచు కుడుతున్నాను.

“మీరు ఆ అమ్మాయి అక్కగారేనా?” అంది మేడం.

“అవునండీ.”

“సారీ అమ్మా. ఆమెని తీసుకోలేకపోతున్నాం. పనితనం గురించి కాదు. నేను చూసిన వాళ్లలో ఆమె చెయ్యే చాలా స్పష్టంగా ఉంది.”

“మరి బొమ్మ ఆగినందుకా? అది మా డబ్బా గొడవండీ. ఈ వానలు పోతే...”

“ఆమె ల్యాప్‌టాప్‌లో మైకు మొదటి రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది” అంది మేడం. “ఆమెకి తెలియదు, సరే. మీ ఇంట్లో ఇంకెవరికీ తోచలేదా?”

కుట్టు మిషను మీద నుంచి నా కాలు తీసేశాను. ఎవరికి తోస్తుంది? దాని ముందు నోరు జాగ్రత్త అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకున్న పాపాన పోలేదు. దాని కంప్యూటర్‌కీ చెవులుండవనే అనుకున్నాం అందరం.

“నిన్న బొమ్మ ఆగిపోయింది గానీ మాట మాత్రం వస్తూనే ఉంది” అంది ఆవిడ. “ఎవరో ఒకాయన, ఒకావిడ వచ్చి ఆమె వెనకే నిలబడి మాట్లాడుకున్నారు. నాతో ఇంకో ఇద్దరు విన్నారు. మీకు చెప్పకపోతే తప్పవుతుందని చెబుతున్నాను.”

“చెప్పండి.”

ఆవిడ చెప్పింది. ఏ మాటకా మాట, ఏ గొంతుతో అన్నారో ఆ గొంతు నాకు వినపడింది.

అన్నయ్య: “ఒక్కటి కూడా తియ్యకు. బాగా తడివి ముందు వెయ్యి. ఇవాళ్టితో ఈ పీడ వదిలిపోవాలి.”

వదిన: “చూడండి, ఆ తెరలో బొమ్మ ఆగిపోయింది, ఇది దాని ముందే కూర్చుంది. ఇంకా చేతులు తిప్పుతోంది, పాపం.”

అన్నయ్య: “పాపం అంటే మరకలు నువ్వు తీస్తావా? మనిషిని పెట్టుకుంటే జీతం అడుగుతుంది. దీనికి అడగడానికి నోరు లేదు. ఉన్నచోట పడుండనీ.”

తర్వాత ఇద్దరూ నవ్వారట.

“విన్నారు కదండీ, చెడగొట్టింది వాళ్లు. దాని తప్పేముంది?” అన్నాను.

“విన్నాం. అందుకే ఇవ్వలేకపోతున్నాం. రోగులు తమ ఒంట్లో బాధలు చెప్పుకునే చోటమ్మా అది. వెనక ఎవరు పడితే వాళ్లు వచ్చి నవ్వుకునే ఇంటిని మేమెలా నమ్మాలి? చెప్పండి.”

“ఇంకో అవకాశం...”

“ఈసారికి వేరే అమ్మాయిని తీసేసుకున్నాం. నాకూ బాధగానే ఉంది.”

“మీ బాధ మీ దగ్గరే ఉంచుకోండి, బాధలు మాకు బోలెడున్నాయి” అని పెట్టేశాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

అన్నయ్య దగ్గరికి వెళ్లి, ఆస్పత్రి వాళ్లు కుదరదన్నారని మాత్రం చెప్పాను. ఎందుకట అని ఆయన అడగలేదు. ఆ అడగకపోవడం చాలు నాకు, ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

“పోనీలే. పెట్టి పుట్టాలి” అన్నాడు. “దానికి నువ్వు మెల్లగా చెప్పు. నీ సైగలు వాళ్లకి నచ్చలేదట అని చెప్పు. అన్నయ్య శక్తి కొద్దీ చేశాడని కూడా చెప్పు. పద, నేనూ వస్తాను.”

ముగ్గురం తొట్టి దగ్గరికి వెళ్లాం, ఆయనా, వదినా, నేనూ. చెల్లి ఆస్పత్రి దుప్పటి మీద రక్తం మరకకి చన్నీళ్లు పోస్తోంది. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని లేచింది. నేను దాని ఎదురుగా నిలబడ్డాను. అన్నయ్య నా పక్కన నిలబడ్డాడు, బాధ నిండిన మొహం పెట్టుకుని.

చెప్పడం మొదలుపెట్టాను. మేడం ఫోన్ చేసిందన్నాను. పని లేదన్నాను. నీ చెయ్యే అందరికంటే స్పష్టంగా ఉందని ఆవిడ చెప్పిందన్నాను. మైకు సంగతి చెప్పాను. తర్వాత లేని మీసం దువ్వి, అన్నయ్య అన్న మాటలు ఒక్కొక్కటే చెప్పాను. నడుం దగ్గర తాళాలు సర్ది, వదిన అన్న మాటలు చెప్పాను. బాగా తడివి ముందు వెయ్యి. జీతం అడగడానికి దీనికి నోరు లేదు. ఉన్నచోట పడుండనీ. నవ్వింది కూడా చెప్పాను.

నా చేతుల వైపు చూస్తూ అన్నయ్య తల ఊపుతున్నాడు. “ఆ, అదీ. బాగా చెప్పు. అర్థమయ్యేలా చెప్పు” అన్నాడు.

వదిన కూడా మొదట తల ఊపింది గానీ, కాసేపటికి ఆపేసింది. దుప్పటి సైగ మా ఇంటి సైగే. నేను పిడికిళ్లతో గాలి దులపడం ఆమె చూసింది, ఒకసారి కాదు, చాలాసార్లు. ఉద్యోగం పోయిందని చెప్పడానికి ఇన్ని దుప్పట్లెందుకో ఆమెకి లెక్క కుదరలేదు. మెల్లగా అన్నయ్య చొక్కా పట్టి లాగింది. “ఏమండీ...” అంది. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. “ఉండవే, చెప్పనీ.”

చెల్లి నన్ను చూడటం మానేసి ఆయన్ని చూసింది. ఆయన మొహం మీద వేలు పెట్టి చూపించి, ఒక్క ప్రశ్న అడిగింది.

“ఏమంటోంది?” అన్నాడు.

“ఇదంతా నిజమేనా అని నిన్నే అడుగుతోంది.”

అన్నయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తల నిదానంగా, బరువుగా ఊపాడు. “నిజం అమ్మా, నిజం. అన్నయ్య నీకు అబద్ధం చెబుతాడా?” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

చెల్లి ఏడవలేదు. మళ్లీ కూర్చుని ఆ మరక పూర్తిగా పోయేదాకా రుద్దింది.

ఆ మర్నాడే అన్నయ్య వైఫై డబ్బాని పాత గోడకి మార్చాడు. చిన్న యంత్రాన్ని నడవ మొదట్లో గుచ్చాడు, షాకూ గీకూ ఏమీ కొట్టలేదు. నడవలో దండేలు విప్పించాడు. మా గదిలో బొమ్మ క్షణం కూడా ఆగకుండా ఆడింది. “చూశావా, పట్టుబట్టి సాధించాను. ఉద్యోగం పోతే పోయింది, కాలక్షేపానికైనా పనికొస్తుంది” అన్నాడు నాతో. ఆ మాట దానికి చెప్పమన్నాడు. నేను చెప్పాను, ఉన్నదున్నట్టు.

అప్పుడు చెల్లి నన్నొకటి అడిగింది. “చిన్నప్పటి నుంచీ నా ముందు వీళ్లు ఏమేం మాట్లాడారో అన్నీ చెప్పు. నున్నగా చేసి చెప్పకు.”

వద్దన్నాను. అది ఒప్పుకోలేదు. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ పోయిన రోజు అది అమ్మ కాళ్లు పట్టుకుని కూర్చుంటే, పోయేది దీన్ని కూడా వెంట తీసుకుపోకూడదూ అని అన్నయ్య అన్నాడు. చెల్లిని చేసుకుంటామని ఒక దర్జీ కుటుంబం అడగడానికి వస్తే, దీనికి మతి కూడా సరిగ్గా లేదని చెప్పి వదిన వాళ్లని పంపేసింది. వాళ్లకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది చెల్లే. వాళ్లు ఎందుకొచ్చారో దానికి ఆ రోజు దాకా తెలియదు. ఆ దర్జీ అబ్బాయి ఎలా ఉండేవాడని అడిగింది. బాగానే ఉండేవాడన్నాను.

పనులయ్యాక సాయంత్రాలు ఇదే మాకు. ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చేవి, తవ్వినకొద్దీ ఉండేవి. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి కాసేపు మా చేతులు చూసి, “అక్కాచెల్లెళ్ల కబుర్లు తెమలవు” అని నవ్వుతూ వెళ్లిపోయేవాడు. చెల్లి మనసు కుదుటపడుతోందని వదినతో అన్నాడు. వదిన ఆ మధ్య మా గది వైపే రావడం మానేసింది.

కబుర్లు అయ్యాక చెల్లి కంప్యూటర్లో తన స్నేహితులతో మాట్లాడేది. సిగ్నల్ బాగుంది కదా. వేరే ఊళ్లో నలుగురు ఆడవాళ్లు కలిసి ఉంటున్న గదిలో ఒక మంచం ఖాళీ అయిందని వాళ్లే చెప్పారు. పని ఏదీ ఖాయం కాదు, మంచం మాత్రం ఉంది. నన్నూ రమ్మంది. “ముందు నువ్వు వెళ్లు” అన్నాను. ఉన్నది ఒక్క మంచమే.

వానలు వెనకపట్టి ఎండ వచ్చిన పొద్దున అది సంచి భుజాన వేసుకుని నడవలోంచి కౌంటరులోకి వచ్చింది. నేను వెనకే వచ్చాను. సంచి చూడగానే అన్నయ్యకి అర్థమైంది. చేతులు బార్లా చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ‘వెళ్లు’ అని చెప్పే సైగ ఆయనకి వచ్చు గానీ, ‘వెళ్లకు’ అని చెప్పేది ఏదీ రాదు. ‘తిను’ అన్నాడు. ‘పడుకో’ అన్నాడు. అది కదలలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

“చూస్తూ నిలబడతావేమే? చెప్పు దానికి!”

“ఏం చెప్పమంటావు?” అన్నాను. “నువ్వు ఏమంటే అదే చెబుతాను అన్నయ్యా. నీ మాట నీ మాటగానే చెబుతాను. చెప్పు.”

చెల్లి నా చేతుల వైపు చూస్తూ ఆగింది. సంచి దించలేదు గానీ ఆగింది. ఆ క్షణంలో ఆయన ఏదైనా అని ఉండొచ్చు. తప్పైపోయిందని కూడా అక్కర్లేదు, ఉండమ్మా అని ఉన్నా అది ఏం చేసేదో నేను చెప్పలేను. అది పుట్టినప్పటి నుంచీ ఆ ఇల్లే దాని ఇల్లు.

అన్నయ్య నోరు తెరిచాడు. లోపల తొట్టి వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు.

“ఆస్పత్రి దుప్పట్లు నానబోసి ఉన్నాయి. మధ్యాహ్నానికి ఇవ్వాలి. అవన్నీ ఎవరు ఉతుకుతారో అడుగు” అన్నాడు.

నేను ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు. ఆయన అన్నది అన్నట్టే నా చేతులతో చెప్పాను. చెల్లి చివరిదాకా చూసి, సరేనన్నట్టు తల ఊపి, ఆయన చెయ్యి కింద నుంచి వంగి ఎండలోకి వెళ్లిపోయింది.